చిట్టి రైలుకు కొండాకోనా: ఫిల్లర్‌తో నేల మలచడం

మోడల్ రైల్వే కట్టేవారికి ఇంజన్లు, పెట్టెలు, పట్టాలు, సిగ్నళ్ళు అంగట్లో దొరుకుతాయి. నేల దొరకదు. పట్టాల పక్కన లేచే గట్టు, దారి కోసం తొలిచిన కొండ చరియ, వంతెన కింద వాగు, స్టేషన్ వెనక ఎత్తుపల్లాల పొలం, ఇవన్నీ ఎవరి లేఅవుట్‌కు వారే చేసుకోవాలి. వీటికి చివరి రూపు ఇచ్చేది గోడల పగుళ్ళు పూడ్చడానికి వాడే మామూలు ముద్ద. బ్రిటన్‌లో దాన్ని ఫిల్లర్ అంటారు. తెలుగునాట పెయింటర్లు లప్పం, పుట్టీ అని పిలిచే సరుకూ ఈ కోవలోదే. ఖర్చు తక్కువ, పనిముట్లు ఇంట్లోవే. అయినా లేఅవుట్ మొత్తంలో కంటికి నిజమనిపించేదీ, బొమ్మ అనిపించేదీ ఎక్కువగా ఈ పనిలోనే తేలిపోతుంది.

ముద్ద కలపడానికి ముందు స్కేల్ సంగతి మనసులో ఉండాలి. బ్రిటన్‌లో ఎక్కువమంది కట్టేది ఓఓ స్కేల్. అందులో ఒక అడుగుకు 4 మిల్లీమీటర్లు, అంటే అసలులో దాదాపు 76వ వంతు. అమెరికాలోనూ యూరప్‌లోనూ హెచ్‌ఓ స్కేల్ ఎక్కువ. అది 87వ వంతు. ఇంకా చిన్నదైన ఎన్ స్కేల్ బ్రిటన్‌లో 148వ వంతు, మిగతా దేశాల్లో చాలావరకు 160వ వంతు. ఓఓలో ఆరడుగుల మనిషి 24 మిల్లీమీటర్లు ఉంటాడు. ఆ మనిషి పక్కన తాపీ మొన జారి పడిన ఒక మిల్లీమీటరు గీత 3 అంగుళాల లోతు గాడి అవుతుంది. అదే గీత ఎన్ స్కేల్‌లో దాదాపు 6 అంగుళాల గాడి. ఒక మిల్లీమీటరు ఇసుక రేణువు ఓఓలో పిడికిలంత రాయి. పొలంలో దుక్కి చాళ్ళు కావాలంటే ఈ గీతలు పనికొస్తాయి. పచ్చిక బీడు కావాలంటే అవే గీతలు చేటు చేస్తాయి. అందుకే పై పూతను తడి కుంచెతో నిమరడం ఈ పనిలో పెద్ద అలవాటు.

రైలు చుట్టూ ఊరు, ఊరి చుట్టూ నేల ఉండాలన్న ఆలోచన ఈ కళలో మొదటినుంచీ ఉన్నది కాదు. చాలాకాలం చదునైన బల్ల మీద పట్టాలు పరిచి రైలు నడపడంతోనే తృప్తిపడ్డారు. 1930లలో ఇంగ్లండులో జాన్ అహెర్న్ ‘మేడర్ వ్యాలీ’ అనే లేఅవుట్ కట్టి, రైలును ఒక లోయలో, ఊళ్ళ మధ్య ఒదిగిన వస్తువుగా చూపించాడు. నేల మలచడం మీదే 1951లో ఒక పుస్తకం కూడా వెలువరించాడు. ఆ లేఅవుట్ ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో లాంగ్ విట్టెన్‌హామ్ అనే ఊళ్ళోని పెండన్ మ్యూజియంలో ఉంది. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన రాయ్ ఇంగ్లండ్ 1954లో మొదలుపెట్టిన ఆ మ్యూజియం, 1930ల నాటి ఇంగ్లిష్ పల్లెసీమను అడుగుకు 4 మిల్లీమీటర్ల లెక్కన ఇల్లు ఇల్లుగా, చేను చేనుగా కట్టుకుంటూ వచ్చింది. అమెరికాలో 1960లలో ‘మోడల్ రైల్‌రోడర్’ పత్రిక సంపాదకుడు లిన్ వెస్ట్‌కాట్ ‘హార్డ్‌షెల్’ పద్ధతికి ప్రచారం తెచ్చాడు. కాగితపు తువ్వాళ్ళను హైడ్రోకాల్ అనే గట్టి ప్లాస్టర్‌లో ముంచి తీసి, తాత్కాలికమైన ఆధారం మీద పరిస్తే, గట్టిపడ్డాక అదే తనను తాను మోసుకునే పలచని పెంకు అవుతుంది. ఇప్పటి పద్ధతులు చాలావాటికి మూలం ఈ పెంకే. హాంబర్గ్‌లో 2001లో తెరిచిన మినియేచర్ వండర్‌లాండ్ స్విట్జర్లాండ్ విభాగంలో కొండలు దాదాపు 6 మీటర్లు లేచాయంటే, అవి పైకి కొండలు, లోపల డొల్లలు కాబట్టే.

ఈ పనిలో అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఇక్కడే ఉంది. ఫిల్లర్ కొండను కట్టే సరుకు కాదు, కొండకు చర్మం. ఆకారాన్ని కింద ఉన్న చట్రం నిర్ణయిస్తుంది. ముద్దను కుప్పగా పోసి దాన్నే కొండగా చెక్కాలనుకుంటే మొదట బరువు దెబ్బతీస్తుంది. ఒక చదరపు మీటరు మీద 5 మిల్లీమీటర్ల మందాన ప్లాస్టర్ పూస్తే ఆరాక అయిదారు కిలోలు తూగుతుంది. అదే 25 మిల్లీమీటర్లయితే పాతిక కిలోలు దాటుతుంది. తడిగా ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ. బల్ల వంగుతుంది, పట్టాల అతుకులు కదులుతాయి, ప్రదర్శనలకు తీసుకువెళ్ళే లేఅవుట్ అయితే ఎత్తడానికి మనుషులు చాలరు. మందంగా పోసిన చోట ఆరడం కూడా అన్నివైపులా ఒకేలా జరగదు, పగుళ్ళు వస్తాయి.

చట్రం వేసే ముందు నేల గురించి ఆలోచించాలి. నిజమైన రైలు మార్గంలో కొండ ముందు, పట్టాలు తర్వాత. ఇంజనీరు కొండను చుట్టి పోగలిగితే చుట్టి పోతాడు, తప్పనప్పుడే తొలుస్తాడు. లేఅవుట్‌లో ఈ వరస తిరగబడుతుంది. పట్టాలు ముందు పరుస్తారు, సొరంగం కోసం కొండను తర్వాత తెచ్చి పెడతారు. చదును నేల మీద ఒంటరిగా లేచిన గుట్ట, దాని కడుపులోంచి సొరంగం ఉంటే చూసేవారికి కారణం తెలియకపోయినా ఎక్కడో తేడా కొడుతుంది. ఆ గుట్ట పక్కనుంచి పట్టాలు హాయిగా పోవచ్చు కదా! కాబట్టి కొండ బల్ల అంచు దాటి వెనక తెర వరకూ, పక్క గోడ వరకూ సాగాలి. పట్టాలు దాని దారికి అడ్డం వచ్చినట్టుండాలి. అలాగే నేల పట్టాల మట్టానికి పైకే కాదు, కిందికీ పోవాలి. బల్లను కొంతమేర కోసి వాగును, పల్లపు పొలాన్ని దింపితే ఒక్కసారిగా ఆ చోటికి లోతు వస్తుంది.

వాలు విషయంలో కూడా నిజమైన కట్టడాలే కొలమానం. మట్టి కట్టలను సాధారణంగా ఒక వంతు ఎత్తుకు రెండు వంతుల వెడల్పు వాలుతో కడతారు. అసలులో 6 మీటర్ల ఎత్తు ఉన్న కట్ట ఓఓలో 79 మిల్లీమీటర్లు. దాని వాలు ఒక్కోవైపు 158 మిల్లీమీటర్లు పరుచుకోవాలి. బల్ల మీద అంత చోటు ఉండదు. అప్పుడు మట్టి వాలును నిటారుగా నిలబెట్టడం కన్నా, చోటు చాలని చోట నిజమైన రైల్వేలు చేసే పనే చేయడం మేలు: రాతి గోడ కట్టాలి. రాతి కోత అయితే దాదాపు నిటారుగా నిలబడుతుంది.

చట్రానికి మూడు దారులు వాడుకలో ఉన్నాయి. అట్టను సన్నని పట్టీలుగా కోసి, అల్లికగా అడ్డం నిలువు అతికించి, ప్లాస్టర్ బ్యాండేజీ కప్పడం ఒకటి. విరిగిన చేతికి కట్టుకట్టే బ్యాండేజీ లాంటిదే చిన్న ముక్కలుగా కోసి, నీళ్ళలో ముంచి రెండు మూడు పొరలుగా పరుస్తారు. ఇనుప జాలీని వంచి దాని మీద ఇదే పొర వేయడం రెండోది. జాలీ బలమైనదే గాని కోసిన అంచులు చేతులు గీరేస్తాయి, తర్వాత చెట్టు నాటడానికి రంధ్రం చేయాలన్నా ఇబ్బందే. మూడోది థర్మాకోల్ పలకలు ఒకదాని మీద ఒకటి అతికించి కత్తితో చెక్కడం. తేలిక, ఆకారం మార్చుకోవడం సులువు. కాని ద్రావకం ఉన్న జిగురు తగిలితే థర్మాకోల్ కరిగిపోతుంది, అందుకని ఫెవికాల్ వంటి నీటి జిగురే వాడాలి. దాని పైన ఫిల్లర్ నేరుగా పూస్తే నునుపు ముఖం మీద సరిగా పట్టదు. ముందు నీళ్ళు కలిపిన జిగురు పూసి, దాని మీద కాగితం పొర వేస్తే పట్టు దొరుకుతుంది.

ఇక ముద్ద. ఇందులో మూడు నాలుగు రకాలున్నాయి, ఒక్కోటి గట్టిపడే తీరు వేరు. ఆ తేడా తెలియనివారికే ఈ పనిలో ఎక్కువ నష్టం జరుగుతుంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ జిప్సం రాయిని సుమారు 150 డిగ్రీల వేడికి గురిచేస్తే వచ్చే పొడి. ఆ వేడికి జిప్సంలోని నీరు ముప్పాతిక వంతు పోతుంది. తిరిగి నీళ్ళు కలిపితే పొడి ఆ నీటిని లోపలికి తీసుకుని మళ్ళీ జిప్సంగా మారుతుంది. సన్నని సూదుల్లాంటి స్ఫటికాలు పుట్టి ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి. అంటే అది ఆరి గట్టిపడదు, రసాయనికంగా గట్టిపడుతుంది. కాబట్టి ముద్ద కుంచించుకోదు, కొద్దిగా వ్యాకోచిస్తుంది. నూరు గ్రాముల పొడికి ఈ మార్పు కోసం కావలసిన నీరు 19 గ్రాముల లోపే. కలపడానికి వీలుగా ఉండాలంటే మాత్రం 60, 70 గ్రాములు పోయక తప్పదు. మిగులు నీరు తర్వాత మెల్లగా ఆవిరైపోయి, వెనక సన్నని రంధ్రాలు మిగులుతాయి. అరగంటలో రాయిలా తోచిన కొండ లోపల రోజుల తరబడి చెమ్మగా ఉండడానికీ, ఆ తర్వాత పలచని రంగును ఇట్టే పీల్చుకోవడానికీ కారణం ఇదే.

బ్రిటన్‌లో పాలీఫిల్లా వంటి పేర్లతో దొరికే పొడి ఫిల్లర్‌లో జిప్సంతోపాటు సెల్యులోజ్ పదార్థం ఉంటుంది. అది నీటిని పట్టి ఉంచుతుంది. ముద్ద జిగటగా ఉండి నిలువు ముఖం మీంచి జారదు, పని చేసుకోవడానికి ఎక్కువ వ్యవధి ఇస్తుంది. నేల మలచడానికి వీటిలో ఇదే అనుకూలమైనది. డబ్బాలో కలిపి అమ్మే తయారు ఫిల్లర్ వేరు. దానిలో నీరు ఆవిరైతేనే గట్టిపడుతుంది, కాబట్టి కుంచించుకుంటుంది. మందంగా పూస్తే పైన పొర కట్టి లోపల పచ్చిగా ఉండి చీలుతుంది. పలచని పొరలుగా, ముందు పొర ఆరాకే తర్వాతి పొర వేయాలి. తేలికపాటి ఫిల్లర్లలో కంటికి కనిపించనంత చిన్న డొల్ల గోళాలు కలుపుతారు. అవి అంతగా కుంచించుకోవు, బరువుండవు, కాని మెత్తగా ఉండి గోటికి నొక్కుకుపోతాయి. భారతదేశంలో గోడలకు పూసే పుట్టీలో ఎక్కువ భాగం తెల్ల సిమెంటుతో చేసింది. అది ఒకటి రెండు మిల్లీమీటర్ల పూత కోసం తయారైనది. రాతి కోతలు చెక్కడానికి ప్లాస్టర్ ఇచ్చే సౌలభ్యం అది ఇవ్వదు. తెలుగునాట కట్టేవారికి పి.ఓ.పి. అని అమ్మే ప్లాస్టర్, దానిలో కాస్త కాగితపు గుజ్జు, కొద్దిగా ఫెవికాల్ చాలు. గుజ్జు వల్ల బరువు తగ్గుతుంది, చీలిక పాకదు. దానివల్ల పైన వచ్చే గరుకు నేలకు సహజంగా అమరుతుంది.

కలపడంలో నియమం ఒకటే: నీళ్ళలో పొడి వేయాలి, పొడిలో నీళ్ళు పోయకూడదు. పొడిని చల్లుకుంటూ పోతే దానంతటదే నాని మునుగుతుంది, ఉండలు కట్టదు. బ్యాండేజీ మీద పూతకు దోసెల పిండిలా జారుగా, గట్లు తీర్చడానికి గారెల పిండిలా గట్టిగా ఉండాలి. గిన్నెలో పాత ప్లాస్టర్ పెళ్ళలు మిగిలి ఉంటే కొత్త ముద్ద అనుకున్నదానికన్నా ముందే గట్టిపడుతుంది. ఆ పెళ్ళలే కొత్త స్ఫటికాలకు విత్తనాలవుతాయి. ఉప్పు కూడా త్వరపెడుతుంది. కొద్దిగా వెనిగర్ గాని నిమ్మ ఉప్పు గాని వేస్తే ఆలస్యమవుతుంది. గట్టిపడడం మొదలైన ముద్దలో మళ్ళీ నీళ్ళు పోసి కలపడం మాత్రం వృథా. అప్పుడే అల్లుకుంటున్న సూదులు విరిగిపోతాయి, ఆరాక అది పిండిలా రాలుతుంది. అందుకే కాఫీ కప్పు ఒకటికి మించి ఒక్కసారి కలపకపోవడం మంచిది. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. పెద్ద ముద్దలో అది చర్మం కాలేంత వేడి. పిల్లలు చేతి అచ్చు కోసం బకెట్‌లో చెయ్యి ముంచి ఉంచడం లాంటి పని ఎన్నడూ చేయకూడదు. పొడి కలిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, మిగిలిన ముద్దను తూములో పోయకుండా గట్టిపడనిచ్చి చెత్తలో వేయాలి.

పూతకు ముందు పట్టాల మీద కాగితపు టేప్ అంటించడం తప్పనిసరి. ప్లాస్టర్ రజను ఇంజను పళ్ళచక్రాల్లో చేరితే వాటిని అరగదీస్తుంది. పాయింట్లు, అంటే పట్టాలు దారి మళ్ళే చోట కదిలే నాలుకలు, ఒక్క బొట్టు తగిలినా కదలవు. తర్వాత పాత కుంచెతోనో ఐస్‌క్రీమ్ పుల్లతోనో ముద్దను పరిచి, వాలు ఎటు పోతుందో అటే లాగాలి. వాన నీరు దిగే దారినే కుంచె దిగాలి. ముద్ద బిరుసెక్కుతుండగా తడి కుంచెతో నిమిరితే పుల్ల గుర్తులు పోతాయి.

రాయి చెక్కడం ఈ పనిలో అన్నిటికన్నా ఆనందాన్నిచ్చే భాగం, ఓపికను అడిగే భాగం కూడా. ప్లాస్టర్ గట్టిపడి ఇంకా చెమ్మగా ఉన్న వేళ చెక్కడానికి అనువైనది. అప్పుడు కత్తి దిగుతుంది, రజను లేవదు. ఇక్కడ చూడవలసింది పొరలు. సున్నపురాయి, ఇసుకరాయి వంటివి పొరలు పొరలుగా ఏర్పడినవి. ఆ పొరలు ఎటు వాలితే కోత పొడవునా అటే వాలాలి, పట్టాలకు అవతలి వైపు చరియలో కూడా అదే వాలు కొనసాగాలి. ఒక్కో చోట ఒక్కో దిక్కుకు గీతలు గీస్తే రాయి కనిపించదు, కత్తి గీతలే కనిపిస్తాయి. గ్రానైట్‌కు ఇలా పొరలు ఉండవు. అడ్డంగా, నిలువుగా పగిలి గుండ్రని బండలుగా నిలబడుతుంది. పెండన్ మ్యూజియంలో చెక్క వంతెనతో ఉన్న డార్ట్‌మూర్ దృశ్యం అలాంటి గ్రానైట్ సీమదే. చెక్కడం రానివారికి అచ్చులున్నాయి. నిజమైన రాయి మీద రబ్బరు పాలు పొరలుగా పూసి తీసిన అచ్చులో ప్లాస్టర్ పోస్తారు. నలిపి విప్పిన అల్యూమినియం రేకు కూడా చవకైన అచ్చుగా పనికొస్తుంది. ఒకే అచ్చును పక్కపక్కన వాడేటప్పుడు తలకిందులు చేయడం, అంచులు విరిచి ముద్దతో కలపడం మరిచిపోకూడదు.

తెలుగు నేలలో ఇలాంటి కోతలు చూడాలంటే కొత్తవలస-కిరండూల్ మార్గం ఉంది. బైలాడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో తూర్పు కనుమల గుండా వేసిన బ్రాడ్‌గేజ్ దారి అది. వరుస సొరంగాలతో కొండెక్కుతూ శిమిలిగూడ దగ్గర 996 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. ఆ కనుమల్లో విస్తారంగా ఉన్న రాయి ఖొండలైట్. వానకూ ఎండకూ శిథిలమై ఎర్రబారుతుంది. బొర్రా దగ్గర సున్నపురాయి ఉంది. ఈ దారిని నమూనాగా కట్టేవారు కోత పైభాగంలో ఎర్రమట్టిని, కింద బిరుసు రాతిని విడివిడిగా చూపాలి. పైన మట్టి వాలుకు గుజ్జు కలిపిన మెత్తని ముద్ద, కింద రాతికి చెక్కిన ప్లాస్టర్ వాడాలి. సొరంగం నోటి పైన వాననీరు మళ్ళించే కాలువ, రాలిన రాళ్ళు కోత అడుగున చేరిన చిన్న దిబ్బ, ఈ రెండూ పెడితే నేల నమ్మకంగా నిలబడుతుంది. 1676 మిల్లీమీటర్ల భారత బ్రాడ్‌గేజ్ 87వ వంతులో 19 మిల్లీమీటర్ల పైచిలుకు. అంగడిలో దొరికే హెచ్‌ఓ పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లే. ఈ తేడాతో సర్దుకునేవారు సైతం కొండ రంగు దగ్గర, రాతి వాలు దగ్గర సర్దుకోనక్కరలేదు.

కొండలకన్నా ఎక్కువగా ఫిల్లర్ అవసరమయ్యేది అతుకుల దగ్గర. ఇల్లు నేల మీద పెట్టినట్టు కాక నేలలోంచి లేచినట్టుండాలి. గోడ కింద సన్నని నీడగీత కనిపిస్తే, ఎంత నేర్పుగా చేసిన ఇల్లయినా బొమ్మ అయిపోతుంది. గోడ అడుగున ప్లాస్టిక్ కాగితం చుట్టి, ఇంటిని తడి ముద్దలో నొక్కి, గట్టిపడ్డాక బయటకు తీస్తే దానికి సరిపడే గుంట మిగులుతుంది. ఇల్లు మరమ్మతుకు తీయవచ్చు, పెట్టినప్పుడు గీత కనిపించదు. ప్లాట్‌ఫాం చివరి వాలు, వంతెన కాళ్ళు, సొరంగం ముఖద్వారం, కంచె గుంజలు అన్నిటికీ ఇదే మాట. రోడ్డుకు నడుమ కాస్త ఎత్తు, అంచులకు వాలు ఉండేలా పూసి ఉప్పుకాగితంతో రుద్దుతారు. లెవెల్ క్రాసింగ్‌లో పట్టాల నడుమ నింపే ముద్ద పట్టా తలకన్నా కొంచెం కిందే ఉండాలి, చక్రపు అంచు నడిచే గాడి ఖాళీగా ఉండాలి. ముద్ద పచ్చిగా ఉండగానే ఒక పెట్టెను చేత్తో నెట్టి చూస్తే అడ్డం ఎక్కడో తెలిసిపోతుంది. వాగు అడుగు పూతకు చిన్న రంధ్రం కూడా మిగలకూడదు. నీటి కోసం పోసే రెజిన్ ఆ దారిన కిందికి కారుతుంది. ప్లాస్టర్‌లోని గాలి బుడగలుగా పైకి రాకుండా ముందు రెండు పూతల వార్నిష్ వేయాలి.

రంగును ముద్దలోనే కలపడం తెలివైన పని. తెల్లని ప్లాస్టర్ మీద రంగు వేస్తే, ఎక్కడ పెచ్చు లేచినా తెలుపు బయటపడుతుంది. జేగురు, గోధుమ రంగు పొడి గాని, గోడకు వేసే ఎమల్షన్ గాని కలిపితే ఆ చిక్కు ఉండదు. పొడి రంగు మరీ ఎక్కువైతే ప్లాస్టర్ బలం తగ్గుతుంది. తడిగా ఉన్నప్పటి ఛాయ ఆరాక బాగా వెలిసిపోతుందని లెక్కలో ఉంచుకోవాలి. వెస్ట్‌కాట్ ఇంకో దారి చూపాడు: పొడి ప్లాస్టర్‌లో రంగు పొడి కలిపి, తడిపిన నేల మీద జల్లెడతో చల్లి, నీరు చిలకరించి గట్టిపరచడం. రాతికి మాత్రం రంగు నీళ్ళంత పలచగా ఉండాలి. నలుపు గోధుమలు కలిపిన ఆ నీటిని పైనుంచి వదిలితే పగుళ్ళలో నిలిచి లోతు చూపిస్తుంది. ఆరాక దాదాపు పొడిగా ఉన్న కుంచెతో లేత రంగు మొనల మీద తాకిస్తారు.

ఆ తర్వాత జిగురు పూసి మట్టి, ఇసుక, రంగు వేసిన రంపపు పొట్టు, గడ్డి నూలు చల్లుతారు. జల్లెడ పట్టి ఎండబెట్టిన పెరటి మట్టికి సాటిగా నిలిచే కొన్న సరుకు తక్కువ. పట్టాల మధ్య కంకర పోయడం, టేప్ తీసి పట్టాల తలలు తుడవడం చివరి పనులు. మొదటి ఏడాదిలో బల్ల కలప వ్యాకోచ సంకోచాలకు అతుకుల దగ్గర వెంట్రుకలాంటి పగుళ్ళు రావచ్చు. అప్పుడు పగులును కత్తి మొనతో కాస్త వెడల్పు చేసి, నీటితో తడిపి, మొదట వాడిన రంగు ముద్దతోనే పూడ్చాలి. తడపకుండా పూస్తే పాత ప్లాస్టర్ కొత్త ముద్దలోని నీటిని పీల్చేసి, అది పట్టకుండా ఊడిపోతుంది. మొదటిసారి కలిపిన రంగు పొడిని, ఎంతకెంత కలిపారో రాసిన చీటీతోపాటు ఒక సీసాలో దాచి ఉంచితే ఈ మరమ్మతు చోటు తర్వాత ఎవరికీ కనిపించదు.